ఒంట్లో ఇంకా బాగలేకపోతే ఎప్పుడు చెప్పాలి?

పాకాల చుట్టుపక్కల పల్లెల్లో వికలాంగుల పింఛను తీసుకునే ఆడవాళ్లు ఉన్నారు. కొందరికి చిన్నప్పుడే పోలియో వచ్చి కాలు సన్నబడింది. కొందరు చెట్టు మీద నుంచి పడ్డారు. కొందరికి పక్షవాతం వచ్చింది. డాక్టర్లు చూసి, వైకల్యం ఎంత శాతమో కాగితం మీద రాసి ఇచ్చారు. దాన్నే సదరం సర్టిఫికెట్ అంటారు. దాన్ని చూసే పింఛను ఇస్తారు.

కాగితం రాసిన రోజు ఎట్లుందో ఎప్పటికీ అట్లే ఉంటుంది. మనిషి అట్లా ఉండదు. ఏండ్లు గడిచేకొద్దీ పోలియో కాలికి బలం ఇంకా తగ్గవచ్చు. బరువంతా మోసి మోసి మంచి కాలు కూడా నొప్పి పడుతుంది. ఒకప్పుడు దామలచెరువు మామిడి మండీకి కూలికి పోయిన ఆమె, ఇప్పుడు గడప దాటాలంటే గోడ పట్టుకోవాలి. మరి ఈ సంగతి ఆఫీసులో చెప్పాలా? చెప్తే ఎప్పుడు చెప్పాలి?

చాలామంది చెప్పరు. "మళ్లీ డాక్టర్ల దగ్గరికి పొమ్మంటారు. ఉండే శాతం తగ్గిస్తే ఎట్ల మే? వచ్చే పించిని కూడా పోతాది" అంటారు. ఈ భయం ఊరికే పుట్టలేదు. 2025లో ప్రభుత్వం వికలాంగుల పింఛన్లను మళ్లీ తనిఖీ చేయించింది. ఆ ఏడాది ఆగస్టులో చాలామందికి నోటీసులు వచ్చాయి. వైకల్యం 40 శాతం కన్నా తక్కువ ఉందని వాటిలో రాశారు. నిజంగా నడవలేని వాళ్లకు కూడా నోటీసు వచ్చిందని చాలా ఊళ్లలో గోల అయింది. అట్లాంటప్పుడు భయం ఉండదా?

అయినా భయంతో తీర్మానం చేసుకోకూడదు. ముందు లెక్క చూసుకోవాలి.

40 శాతం, ఆపైన ఉంటే నెలకు 6,000 రూపాయలు. 2024 జులై నుంచి ఇంత ఇస్తున్నారు. అంతకు ముందు 3,000 ఉండేది. 50 శాతం ఉన్న ఆమెకూ 6,000 రూపాయలే. 70 శాతం ఉన్న ఆమెకూ అంతే. శాతం పెరిగిందని డబ్బు పెరగదు. కాబట్టి 50 ఉన్నది 60 అయి ఉంటుందని అనిపిస్తే, పింఛను కోసం పరుగెత్తాల్సిన పని లేదు. చూపించుకుంటే డాక్టర్లు మొదటి నుంచి కొలుస్తారు. ఆ రోజు వాళ్లు ఎంత రాస్తే అంతే.

కానీ ఊరుకోకూడని సమయాలు ఉన్నాయి.

పక్షవాతంతో గానీ, ప్రమాదంలో దెబ్బ తగిలి గానీ, కండరాలు బాగా క్షీణించి గానీ మనిషి మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైతే పింఛను వేరు. అది నెలకు 15,000 రూపాయలు. డాక్టర్లు చూసి ఒప్పుకోవాలి. కర్ర పట్టుకుని నడిచే ఆమె 6,000 తీసుకుంటా ఉంది అనుకుందాం. ఆమెకు పక్షవాతం వచ్చి మంచాన పడింది. వైద్యం చేయించారు, అయినా లేవలేదు. ఇంట్లో వాళ్లు "దేవుడు ఎట్ల రాసుంటే అట్ల" అని ఊరుకున్నారు. నెలకు 9,000 తేడా. నాలుగు నెలలు ఊరుకుంటే 36,000. ఏడాది ఊరుకుంటే 1,08,000 రూపాయలు. కొత్త పింఛను మంజూరు అయిన తర్వాతే వస్తుంది. ఊరుకున్న నెలల డబ్బు వెనక్కి రాదు.

"ఒకటో తేదీ డబ్బు తెచ్చే అబ్బాయి చూస్తానే ఉండాడు కదా, ఆయప్పకు తెలీదా?" అని కొందరు అనుకుంటారు. చూడడం వేరు, రాసుకోవడం వేరు. ఆయన వేలిముద్ర వేయించుకుని డబ్బు ఇచ్చి పోతాడు. కళ్లతో చూసింది ఏ కాగితం మీదకూ ఎక్కదు. సచివాలయానికి ఇంట్లో వాళ్లు ఎవరైనా పోయి చెప్పాలి. అర్జీ ఇవ్వాలి.

ఇంకొకటి, సర్టిఫికెట్ మీద గడువు. కొన్నిటి మీద శాశ్వతం అని రాసి ఉంటుంది. కొన్నిటి మీద తాత్కాలికం అని రాసి, ఫలానా తేదీ వరకు చెల్లుతుంది అని ఉంటుంది. చాలా ఇండ్లలో ఈ తేదీ ఎవరూ చూసి ఉండరు. పెట్టె తెరిచి ఆ కాగితం బయటికి తీయండి. తేదీ మీరే చదవండి. గడువుకు మూడు నాలుగు నెలల ముందే సచివాలయంలోనో మీసేవలోనో స్లాట్ అడగాలి. స్లాట్లు ఎల్లప్పుడూ దొరకవు.

ఉన్న వైకల్యానికి ఇంకొకటి తోడైనా చెప్పవచ్చు. ముఖ్యంగా మొదటిది 40 దగ్గర్లో ఆగిపోయిన వాళ్లకు ఇది అవసరం. అయితే కాలికి 40, చెవికి 20, మొత్తం 60 అని రాయరు. ఆ లెక్క వేరే ఉంది. దాని ప్రకారం సుమారు 51 వస్తుంది.

తొందరపడకూడని సమయం కూడా ఉంది. కాలు విరిగి కట్టు కట్టి ఉన్నప్పుడు, ఆపరేషన్ అయి ఇంకా కోలుకుంటున్నప్పుడు పోతే డాక్టర్లు ఆగమంటారు. వైద్యం అయిపోయిన తర్వాత మిగిలిపోయిన వైకల్యాన్నే వాళ్లు కొలుస్తారు.

మన ఆడవాళ్లకు ఒక అలవాటు ఉంది. ఎవరు పలకరించినా "బాగుండాం" అంటారు. డాక్టరు ముందు కూడా అదే మాట వస్తుంది. నలుగురూ చూస్తా ఉంటే పండ్లు బిగపట్టి నిటారుగా నడుస్తారు. రైలెక్కి తిరుపతికి పోయి అంత కష్టపడి నడిచి చూపిస్తే, ఆ రాత్రి నొప్పికి నిద్ర లేకపోవడం ఎవరికి తెలుస్తుంది? ఎక్కువ చెప్పకూడదు, తక్కువ కూడా చెప్పకూడదు. మామూలు రోజు ఎట్లా గడుస్తుందో అట్లా చెప్పాలి.

దానికి ఒక నోటు పుస్తకం చాలు. నేర్చుకున్న అక్షరాలు ఇక్కడ పనికి వస్తాయి. తేదీ వేసి ఒక్క ముక్క రాసుకోవాలి.

మే 3. బిందె ఎత్తలేక పోయినాను.
మే 11. దొడ్డికి పోవడానికి కోడలు పట్టుకునింది.
జూన్ 2. రెండుసార్లు పడినాను.

"నొప్పిగా ఉంది సార్" అనే మాట కన్నా ఇది బలమైనది. రెండు మూడు నెలలు రాస్తే, నిజంగా ముదిరిందా, వానాకాలం నొప్పా అనేది రాసిన ఆమెకే తెలుస్తుంది.

పోయేటప్పుడు ఆధార్, రేషన్ కార్డు, పాత సర్టిఫికెట్, ఆసుపత్రి చీటీలు తీసుకుపోవాలి. మన వైపు వాళ్లు చాలామంది వేలూరు పోయి చూపించుకుంటారు. ఆ చీటీలు, ఎక్స్‌రేలు పారేయొద్దు. వాటితోనే పింఛను రాదు, కానీ సదరం డాక్టర్లకు చూపించవచ్చు. అర్జీ ఇస్తే రసీదు అడిగి తీసుకోవాలి. రసీదు మీద తేదీ ఉందో లేదో అక్కడే నిలబడి చదవాలి.

శాతం తగ్గించి రాస్తే అప్పీలు చేసుకునే హక్కు ఉంది. 2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం ఈ హక్కు ఇచ్చింది. 2025లో నోటీసులు అందిన వాళ్లు మండలంలో ఎంపీడీవో ఆఫీసులో అప్పీలు పెట్టుకున్నారు. నోటీసు వస్తే మడిచి పెట్టెలో పెట్టకుండా, అందిన తేదీ దాని మీదే రాసి, ఆ వారంలోనే తీసుకుని పోవాలి.