అయిదు పావుల చిక్కు

ముందు బల్ల పరుచుకోండి. తెల్లరాజు సి2లో, తెల్లగుర్రం ఇ3లో. నల్లరాజు ఎ1 మూలలో, దాని ముందు ఎ2లో ఒక నల్లబంటు, ఇంకో నల్లబంటు దూరంగా హెచ్7లో. ఎత్తు తెలుపుది. రెండో ఎత్తుకి ఆట కట్టాలి. నేను కట్టిన మొట్టమొదటి చదరంగం సమస్య ఇది. జవాబు కింద చెప్పేస్తాను కాబట్టి, సొంతంగా చూడాలనుకునేవాళ్లు ఇక్కడ కాసేపు ఆగండి.

పిల్లల చెస్ పోటీల్లో మా అమ్మాయి లోపల ఆడుతుంటే నేను హాలు బయట మెట్ల మీద కూర్చుంటాను, ఒళ్లో అయస్కాంతం పావుల చిన్న బల్ల పెట్టుకుని. కోచ్ ఇచ్చిన పజిల్స్ చేసీ చేసీ, అసలు వీటిని కట్టేవాళ్లు ఎక్కణ్ణుంచి మొదలుపెడతారన్న ప్రశ్న నన్ను పట్టుకుంది. ఒక దారి, చివర్నుంచి వెనక్కి రావడం. ఆడేవాళ్లు ఆటకట్టు కోసం వెతుక్కుంటూ ముందుకు పోతారు. కట్టేవాళ్ల చేతిలో ఆటకట్టు ముందే ఉంటుంది.

నేను ఎంచుకున్న ఆటకట్టు పాతదే. నల్లరాజు మూలలో ఉంటుంది, దాని సొంత బంటే ముందు గడి మూసేస్తుంది. సి1లో తెల్లరాజు బి1, బి2 రెండింటినీ కాపలా కాస్తుంటే, గుర్రం సి2లోకి దూకి ఆట ముగిస్తుంది. అలెప్పోలో పుట్టిన ఫిలిప్ స్టామా 1737లో పారిస్‌లో చదరంగం పుస్తకం అచ్చువేయించాడు. ఈ ఆటకట్టుని ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. కాబట్టి ముగింపు నాది కాదు. దాని దాకా వెళ్లే దారి మాత్రం నేనే వేసుకోవాలి.

గుర్రాన్ని ఒక ఎత్తు వెనక్కి, ఇ3కి తీశాను. ఇలా వదిలేస్తే ఒక్క దూకుడుతో అయిపోతుంది, అందులో చిక్కేముంది? అప్పుడు తెల్లరాజుని తీసుకెళ్లి సరిగ్గా సి2లోనే పెట్టాను. గుర్రానికి కావలసిన గడిలో సొంత రాజే కూర్చున్నాడు! బల్ల మీద ఆ పొందిక కుదిరినప్పుడు కలిగిన ఆనందం చాలాసేపు నన్ను వదల్లేదు.

ఇక రాజు తప్పుకోవాలి. తప్పుకున్నా బి1, బి2 మీద పట్టు పోకూడదు. అలాంటి గడి ఒక్క సి1 మాత్రమే. కానీ రాజు సి1కి వెళ్లగానే నల్లకు కదిలే దారి ఉండదు. చెక్ లేకుండా ఎత్తులు అయిపోతే స్టేల్‌మేట్, ఆట డ్రా. హెచ్7 బంటు పుట్టింది అందుకే. ఆ మూలకూ దానికీ ఏ సంబంధమూ లేదు. నల్లకు ఒక ఎత్తు మిగిల్చడమే దాని పని. ఒక గడి కదిలినా, రెండు గడులు కదిలినా తర్వాత గుర్రం సి2కి వస్తుంది. అదే బంటుని హెచ్2లో పెడితే అంతా చెడుతుంది. హెచ్1 చేరి మంత్రి అయి, సి1లోని రాజుకే చెక్ చెప్తుంది. సమస్యలో ప్రతి పావూ తానెందుకు అక్కడుందో సమాధానం చెప్పుకోగలగాలి. సంఖ్య నింపడానికి పెట్టిన పావు నా దృష్టిలో సమస్యకు మచ్చ.

అన్నిటికంటే కఠినమైన నియమం, దారి ఒక్కటే ఉండాలన్నది. మొదటి ఎత్తుకి రెండో జవాబు దొరికిందంటే ఆ సమస్య చెల్లదు. ఏడు పావుల వరకు ఉన్న స్థితులన్నిటికీ ఫలితాలు కంప్యూటర్లు ముందే లెక్కగట్టి పెట్టాయి కాబట్టి నాలాంటి చిన్న సమస్యని సరిచూడటం క్షణంలో పని. కానీ దీనికి బల్ల రంగుల్లోనే రుజువుంది, నాకు అదే ఎక్కువ ఇష్టం. గుర్రం ప్రతి దూకుడుకీ గడి రంగు మారుస్తుంది. ఇ3 నల్లగడి. ఎ1 రాజుకు చెక్ చెప్పే గడులు రెండే, బి3, సి2. రెండూ తెల్లవి. గుర్రం మొదటి ఎత్తే కదిలితే రెండో ఎత్తుకి మళ్లీ నల్లగడిలోనే తేలుతుంది. అంటే మొదట కదలాల్సింది రాజే.

మా అమ్మాయికి చూపిస్తే మొదట గుర్రాన్నే పట్టుకుంది. చెక్‌లు ముందు చూడమని, చంపే ఎత్తులు తర్వాత చూడమని వాళ్లకి నేర్పుతారు, ఆటకి అది మంచి పద్ధతే.

“అమ్మా, ఎటు తిప్పినా ఒక్క గడి తేడా వస్తోందే!”

“గుర్రం ఒక్కటే నీదా? రాజు నీది కాదా?”

కాసేపు కదలకుండా చూసి, రాజుని సి1కి జరిపింది. చెక్ లేదు, చంపడం లేదు, ఒక అడుగు వెనక్కి, అంతే. సమస్యలు కట్టేవాళ్లు మొదటి ఎత్తు ఇలా నెమ్మదిగా ఉండాలనే కోరుకుంటారు. చెక్‌తో మొదలయ్యే సమస్యను సాధారణంగా తక్కువగా చూస్తారు.

ఈ వెనకడుగుకి మన దేశంతో ముడిపడ్డ పెద్ద చరిత్ర ఉంది. హెన్రీ ఆగస్టస్ లవ్‌డే అనే ఇంగ్లీషు పాదరీ ఇక్కడ ఉన్న రోజుల్లో కట్టిన సమస్య 1845లో ఇంగ్లండులో ‘చెస్ ప్లేయర్స్ క్రానికల్’లో వచ్చింది. ప్రపంచమంతా దాన్ని ‘ఇండియన్ ప్రాబ్లమ్’ అంటుంది. అందులో తెల్లశకటం దూరంగా వెనక్కి జరుగుతుంది. దాని దారికి అడ్డంగా ఏనుగు వచ్చి నిలబడుతుంది. తన బలాన్ని తానే కప్పుకున్నట్టు కనిపించే ఎత్తులు అవి. కానీ ఆ అడ్డు వల్లే నల్లరాజుకి కదిలే గడి దొరికి స్టేల్‌మేట్ తప్పుతుంది. రాజు కదిలాక ఏనుగు పక్కకి జరుగుతుంది, వెనక కాచుకున్న శకటం దెబ్బ అప్పుడు తగులుతుంది. దాన్ని మొదటిసారి బల్ల మీద ఆడి చూసినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. ప్రత్యర్థికి ఊపిరి ఇవ్వడం కూడా గెలుపులో భాగమేనన్న ఆలోచన అంత స్పష్టంగా ఇంకెక్కడా చూడలేదు. నా హెచ్7 బంటు ఆ కుటుంబంలోని చిన్న పిల్ల.

మీకూ కట్టాలనిపిస్తే, నచ్చిన ఆటకట్టు ఒకటి పెట్టుకోండి. తెలుపు చివరి ఎత్తుని వెనక్కి తీయండి. ఆ గడిలోకి రావడానికి ఇప్పుడు ఏం అడ్డుపడితే బాగుంటుందో చూడండి, వీలైతే అది తెలుపు పావే కానివ్వండి. తర్వాత నల్లవైపుకి మారి కూర్చుని, తప్పించుకోవడానికి నిజాయితీగా ప్రయత్నించండి. పిల్లలుంటే వాళ్లని కూర్చోబెడితే ఇంకా మంచిది, వాళ్లు ఏ మొహమాటమూ పడరు.