320 గంటల ఇంటర్న్‌షిప్‌లో మనిషి దొరికేది ఎన్ని గంటలు?

ఎనిమిది వారాలు, వారానికి ఐదు రోజులు, రోజుకు ఎనిమిది గంటలు. వేసవిలో ఒక పెద్ద కంపెనీకి ఇంటి నుంచే ఇంటర్న్‌గా పనిచేసే విద్యార్థికి దొరికే సమయం మొత్తం 320 గంటలు. రోజూ పొద్దున జరిగే పావుగంట టీమ్ మీటింగులన్నీ కలిపితే అందులో 10 గంటలు. మేనేజరుతో వారానికోసారి అరగంట విడిగా మాట్లాడితే ఇంకో 4 గంటలు. రెండూ కలిపి 14 గంటలు, అంటే మొత్తం సమయంలో నాలుగున్నర శాతం లోపే. మిగతా 306 గంటలు గదిలో ఉండేది ఆ విద్యార్థి, ల్యాప్‌టాప్ మాత్రమే.

ఆఫీసుకు వెళ్లే ఇంటర్న్ క్యాలెండర్‌లో ఉండేదీ ఈ 14 గంటలే కావచ్చు. కానీ అక్కడ పక్క సీటులో ఒకరుంటారు. భోజనాల బల్ల దగ్గర ఇంకో నలుగురు కలుస్తారు. మీటింగ్ అయ్యాక ఇద్దరు సీనియర్లు నడుస్తూ మాట్లాడుకునే మాటలు చెవిన పడతాయి. ఎక్కడో చిక్కుకుపోయి కూర్చున్న కుర్రాడి మొహం చూసి "ఏమైంది?" అని ఎవరో ఒకరు అడుగుతారు. ఇవేవీ క్యాలెండర్‌కెక్కవు, కానీ నేర్చుకోవడంలో పెద్ద వాటా వీటిదే. ఇంటి నుంచి పనిచేసేటప్పుడు ఇవి వాటంతటవే జరగవు, ఎవరో ఒకరు పూనుకుని జరిపించాలి. అందుకే రిమోట్ ఇంటర్న్‌షిప్ మంచిదో కాదో కంపెనీ పేరును బట్టో, చివర్లో ఇచ్చే సర్టిఫికెట్‌ను బట్టో తేల్చలేం. మన పని చూసి తప్పొప్పులు చెప్పే మనిషి వారానికి ఎన్ని గంటలు దొరుకుతారన్నదే అసలైన కొలత.

82 వేల ఆఫర్లు, 8,700 చేరికలు

ముందుగా రిమోట్ వల్ల కలిగే మేలు చూద్దాం. అది చిన్నదేమీ కాదు.

దేశంలోని 500 పెద్ద కంపెనీల్లో ఐదేళ్లలో కోటి మంది యువతకు ఇంటర్న్‌షిప్ ఇప్పిస్తామని కేంద్ర ప్రభుత్వం 2024 జులై బడ్జెట్‌లో ప్రకటించింది. ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకం ప్రయోగాత్మకంగా ఆ అక్టోబరులో మొదలైంది. అప్పటి వ్యవధి 12 నెలలు. నెలకు 5,000 రూపాయలు, చేరేటప్పుడు ఒకసారి 6,000 రూపాయలు ఇస్తామన్నారు. పని కంపెనీకి వెళ్లి చేయాలి. తొలి విడతలో కంపెనీలు సుమారు 1.27 లక్షల అవకాశాలు చూపించాయి. 82 వేలకు పైగా ఆఫర్లు వెళ్లాయి. ఒప్పుకున్నవారు 28 వేల పైచిలుకు. తీరా చేరింది 8,700 పైచిలుకు. సరేనన్నవారిలోనే మూడింట ఒక వంతు కూడా చేరలేదన్నమాట. ఎందుకిలా అన్న ప్రశ్నకు పార్లమెంటులో చెప్పిన కారణాల్లో పనిచేసే చోటు, వ్యవధి రెండూ ఉన్నాయి.

ఈ లెక్క అర్థం కావడానికి ఎవరి ఇంటి జమాఖర్చులు తిరగేసినా చాలు. ఇచ్ఛాపురం నుంచో, ఆసిఫాబాద్ నుంచో వచ్చే డిగ్రీ విద్యార్థి హైదరాబాద్ మాదాపూర్‌లో హాస్టల్ అద్దె, భోజనం, బస్సు చార్జీలు నెలకు 5,000లో సర్దుకోవడం కష్టం. ఇంట్లోనే ఉండి పనిచేస్తే ఆ ఖర్చంతా మిగులుతుంది. వేరే ఊరు పంపడానికి ఇంట్లో ఒప్పుకోని అమ్మాయికీ, చక్రాల కుర్చీలో తిరిగే విద్యార్థికీ తలుపు తెరుచుకుంటుంది. కాబట్టి రిమోట్‌ను రెండో రకం అవకాశంగా తీసిపారేయకూడదు. దాన్ని సరిగ్గా నడపమని కంపెనీలను అడగాలి.

2020 వేసవి చెప్పిన సంగతి

కొవిడ్ వల్ల ఆఫీసులు మూతపడ్డ 2020లో పెద్ద కంపెనీలకు వేరే దారి లేకపోయింది. ఆ వేసవికి మైక్రోసాఫ్ట్ 4,000 మందికి పైగా ఇంటర్న్‌లను ఇళ్ల నుంచే చేర్చుకుంది. గూగుల్ కూడా తన ఇంటర్న్‌షిప్‌లను ఆన్‌లైన్‌కు మార్చింది. ఇళ్లలో కూర్చున్న ఇంటర్న్‌లకు దేనివల్ల మేలు జరిగిందో కొలిచి చూసే అవకాశం పరిశోధకులకు అప్పుడే దొరికింది.

హార్వర్డ్ బిజినెస్ స్కూల్‌కు చెందిన ఇయావోర్ బోజినోవ్, ప్రిత్విరాజ్ చౌధురీ, జాక్వెలీన్ లేన్ ఒక పెద్ద అంతర్జాతీయ సంస్థలో అలాంటి ప్రయోగమే చేశారు. 16 నగరాలకు చెందిన 1,370 మంది ఇంటర్న్‌లు అందులో ఉన్నారు. వాళ్లను లాటరీ పద్ధతిలో గుంపులుగా విడదీశారు. కొందరికి సీనియర్ మేనేజర్లతో వీడియోలో కాసేపు పిచ్చాపాటీ మాట్లాడుకునే వీలు కల్పించారు. ఇంకొందరికి తోటి ఇంటర్న్‌లతో మాట్లాడుకునే వీలిచ్చారు. మరికొందరు మేనేజర్లను రాతపూర్వకంగా ప్రశ్నలు అడిగి తర్వాత జవాబులు తెలుసుకున్నారు. సీనియర్లతో నేరుగా మాట్లాడినవారికి వారంవారీ పనితీరు మార్కులు మెరుగ్గా వచ్చాయి. పూర్తికాల ఉద్యోగం ఆఫర్ వచ్చే అవకాశం కూడా వాళ్లకే ఎక్కువగా ఉంది.

వాళ్లు మాట్లాడుకున్నది పని గురించే కానక్కర్లేదు. నేరుగా, అప్పటికప్పుడు, ఒక సీనియర్‌తో మాట్లాడటమే తేడా తెచ్చింది. ఇందులో ఒక హెచ్చరిక కూడా ఉంది. ఇంటర్న్, మేనేజర్ ఒకే రకమైన సామాజిక నేపథ్యం ఉన్నవారైతే ఫలితం ఇంకా బలంగా కనిపించింది. పరిచయాలను ఎవరి చొరవకు వారికి వదిలేస్తే మొదటి తరం పట్టభద్రులు వెనకబడతారని దీన్నిబట్టి ఊహించవచ్చు. అందుకే ఆ మాటామంతీని కంపెనీయే ఏర్పాటు చేసి, అందరికీ సమానంగా పంచాలి.

పక్క సీటు విలువ 22 శాతం

నటాలియా ఇమాన్యుయెల్, ఎమ్మా హ్యారింగ్టన్, అమాండా పల్లాయిస్ అనే ఆర్థికవేత్తలు అమెరికాలోని ఒక పెద్ద కంపెనీలో సుమారు వెయ్యి మంది సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ల కోడ్ రివ్యూలను, అంటే ఒకరు రాసిన కోడ్ మీద తోటివారు ఇచ్చే వ్యాఖ్యలను, లెక్కించారు. టీమంతా ఒకే భవనంలో ఉన్న ఇంజినీర్లు, టీమ్‌లో దూరంగా పనిచేసేవారున్న ఇంజినీర్లకంటే 22 శాతం ఎక్కువ వ్యాఖ్యలు తమ కోడ్ మీద అందుకున్నారు. ఆ వ్యాఖ్యలు రాసేది ఆన్‌లైన్‌లోనే. కానీ దగ్గరుంటే అడగడానికి మొహమాటం తగ్గుతుంది, చెప్పేవాళ్లకూ చొరవ పెరుగుతుంది. కొవిడ్‌తో అందరూ ఇళ్లకు వెళ్లాక ఆ తేడా చాలావరకు తగ్గిపోయింది. దగ్గరితనం వల్ల ఎక్కువ మేలు పొందినవారిలో యువ ఇంజినీర్లు, మహిళలు ఉన్నారు.

ఇంకో లెక్క మైక్రోసాఫ్ట్‌ది. అమెరికాలోని 61,182 మంది ఉద్యోగుల 2020 ప్రథమార్ధపు సమాచారాన్ని విశ్లేషించిన అధ్యయనం 2022లో నేచర్ హ్యూమన్ బిహేవియర్ పత్రికలో వచ్చింది. అందరూ ఇంటి నుంచి పనిచేయడం వల్ల వేరే బృందాలవారితో కలిసి గడిపే సమయం వాటా సుమారు 25 శాతం పడిపోయిందని అది తేల్చింది. పాత ఉద్యోగికి వేరే బృందాల్లో ఎప్పటినుంచో పరిచయాలుంటాయి కాబట్టి కొంతకాలం గడిచిపోతుంది. నిన్న చేరిన ఇంటర్న్‌కు ఆ ఆసరా ఉండదు.

జవాబు వచ్చేసరికి ఎన్ని గంటలు?

చిక్కుకుపోయిన చోట ఎవరినీ అడగకుండా అరపూట చొప్పున వారానికి రెండుసార్లు ఆగిపోయారనుకోండి. వారానికి 8 గంటలు, ఎనిమిది వారాలకు 64 గంటలు. ఇంటర్న్‌షిప్‌లో ఐదో వంతు అలా పోతుంది. అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. స్క్రీన్ అవతల ఉన్న మేనేజర్‌కు మీరు ఆగిపోయారన్న సంగతే తెలియదు.

మెంటర్ విదేశంలో ఉంటే లెక్క ఇంకా బిగుసుకుంటుంది. వేసవిలో భారత కాలమానానికీ అమెరికా పశ్చిమ తీరానికీ తేడా 12 గంటల 30 నిమిషాలు. విజయవాడలో పొద్దున 10 గంటలకు పంపిన ప్రశ్న సియాటెల్‌కు ముందురోజు రాత్రి తొమ్మిదిన్నరకు చేరుతుంది. అక్కడివాళ్లు మర్నాడు ఉదయం తొమ్మిదిన్నరకు చూసి జవాబిస్తే ఇక్కడ రాత్రి 10. ఆ జవాబులో ఒక్క మాట అర్థం కాకపోయినా ఇంకో రోజు పోతుంది. ఇలా 40 పనిరోజుల్లో దక్కేది మహా అయితే 40 జవాబులు. లండన్ అయితే వేసవిలో తేడా నాలుగున్నర గంటలే కాబట్టి మన మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా ఇద్దరూ ఒకే సమయంలో పనిలో ఉంటారు.

అందుకే ప్రశ్న రాసే తీరు ముఖ్యం. ఏం చేయబోయారు, ఏం జరిగింది, ఏయే దారులు ప్రయత్నించారు, మీ ఊహ ఏమిటి అన్న నాలుగూ ఒకే సందేశంలో రాస్తే ఎదుటివాళ్లు ఒక్కసారిలో జవాబివ్వగలరు. గంటసేపు సొంతంగా ప్రయత్నించాక తప్పకుండా అడగాలన్న నియమం పెట్టుకుంటే ఆ 64 గంటలు 16కు దిగుతాయి. ప్రశ్నను మెంటర్ ఇన్‌బాక్స్‌లో కాక టీమ్ అందరూ చూసే చానల్‌లో పెడితే ఇంకొకరైనా స్పందించే వీలుంటుంది. పైగా టీమ్‌కు మీ పేరూ పనీ తెలుస్తాయి.

2 జీబీ ఎంతసేపు వస్తుంది?

ఇంటి నెట్ గురించి కూడా లెక్క వేసుకోవాలి. గ్రూప్ మీటింగ్‌లో హెచ్‌డీ వీడియోకు రానూపోనూ కలిపి సెకనుకు సుమారు 4.4 మెగాబిట్లు కావాలని జూమ్ సూచిస్తుంది. అంటే గంటకు దాదాపు 2 జీబీ. మొబైల్‌లో రోజుకు 2 జీబీ ప్యాక్ గంటసేపు సాగే ఒక్క మీటింగుతో ఖాళీ అవుతుంది. అదే కెమెరా ఆపి మాట మాత్రమే వాడితే రెండు వైపులా కలిపినా గంటకు 70 ఎంబీ చుట్టుపక్కలే. అందువల్ల తీగ ద్వారా వచ్చే బ్రాడ్‌బ్యాండ్‌ను ఆధారంగా పెట్టుకుని, మొబైల్ డేటాను కరెంటు పోయినప్పటికి అట్టిపెట్టుకోవాలి. నెట్ సరిగా లేదని మేనేజర్‌కు మొదటిరోజే చెప్పడంలో తప్పులేదు. ఏమీ చెప్పకుండా కెమెరా ఆపేసి కూర్చుంటే ఆసక్తి లేదనుకునే ప్రమాదముంది.

వారానికి 5 గంటల మెంటర్

రిమోట్ ఇంటర్న్‌షిప్ ఎలా నడపాలో కొత్తగా కనిపెట్టాల్సిన అవసరం లేదు. అవుట్‌రీచీ అనే కార్యక్రమం ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ రంగంలో పూర్తిగా రిమోట్ ఇంటర్న్‌షిప్‌లు ఇస్తోంది. మూడు నెలల పనికి స్టైపెండ్ 7,000 డాలర్లు. ఏ దేశంలో ఉన్నా అంతే. ఇంటర్న్ వారానికి 30 గంటలు పనిచేయాలి. మెంటర్ వారానికి కనీసం 5 గంటలు ఇంటర్న్ కోసం కేటాయించాలి. ఆరు గంటల పనికి ఒక గంట చూసే మనిషి అన్నమాట. మొదట వేసిన 14 గంటల లెక్కతో పోల్చండి. అదే నిష్పత్తిలో 320 గంటలకు 53 గంటలు దక్కాలి.

ఇలాంటిదే మరో ఓపెన్ సోర్స్ కార్యక్రమం, 2005లో మొదలైన గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్‌లోనూ ప్రతి ఒక్కరికీ మెంటర్ ఉంటారు. దాన్ని ఇంటర్న్‌షిప్ అని గూగుల్ పిలవదు గానీ నేర్చుకునే తీరు అలాంటిదే. అక్కడి స్టైపెండ్ దేశాన్ని బట్టి మారుతుంది. ఇటీవలి ఏళ్లలో భారత్‌లో ఉండేవారికి 175 గంటల ప్రాజెక్టుకు 1,500 డాలర్లు, 350 గంటలదానికి 3,000 డాలర్లు. పెద్ద కంపెనీల తలుపు తట్టలేకపోయిన విద్యార్థులకు ఈ రెండూ నిజమైన దారులు.

కాలేజీలు చూడాల్సింది

ఆంధ్రప్రదేశ్ 2020–21లో మూడేళ్ల డిగ్రీకి 10 నెలల ఇంటర్న్‌షిప్‌ను తప్పనిసరి చేసింది. మొదటి ఏడాది తర్వాత రెండు నెలల సామాజిక సేవా ప్రాజెక్టు, రెండో ఏడాది తర్వాత రెండు నెలల ఇంటర్న్‌షిప్, చివరి ఏడాదిలో ఒక సెమిస్టర్ అంతా పనిలో. ఆలోచన మంచిది. అయితే ప్రతి జిల్లాలో అంతమందికి చోటిచ్చే కంపెనీలు లేవు. ఆ ఖాళీలోకి వర్చువల్ ఇంటర్న్‌షిప్ పేరుతో వీడియో పాఠాలు, క్విజ్‌లు వచ్చి చేరాయి. వాటిలో నేర్చుకునేది ఉండవచ్చు. కానీ మన పని చూసి ఇది తప్పు, ఇలా మార్చు అని చెప్పే మనిషి లేనిచోట జరిగేది ఆన్‌లైన్ కోర్సు మాత్రమే. దాన్ని ఇంటర్న్‌షిప్‌గా లెక్కగట్టి క్రెడిట్లు ఇస్తే నష్టపోయేది ఇంటర్వ్యూలో కూర్చున్న విద్యార్థి. "మీరు చేసిన పనిలో మీ మెంటర్ ఏం మార్చమన్నారు?" అన్న ఒక్క ప్రశ్నకు తన దగ్గర జవాబు ఉండదు.

రిజిస్ట్రేషన్ ఫీజు, సెక్యూరిటీ డిపాజిట్, ల్యాప్‌టాప్ చార్జీ అంటూ ముందే డబ్బు అడిగేవాళ్లతో మరీ జాగ్రత్త. పెద్ద కంపెనీ ఏదీ ఇంటర్న్ దగ్గర డబ్బు తీసుకోదు. పెద్ద పేరు వాడుకుని మామూలు జీమెయిల్ నుంచి ఆఫర్ లెటర్ పంపితే ఆ కంపెనీ అధికారిక వెబ్‌సైట్‌లో సరిచూసుకోవాలి. డబ్బు పోయిందని తెలిసిన వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేయాలి. ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బును దారిలో ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ.

చేరేముందు అడగాల్సిన ఐదు ప్రశ్నలు

1. నా మెంటర్ ఎవరు, వారానికి ఎన్ని గంటలు నాకు ఇస్తారు?
2. నా పనిని ఎవరు సమీక్షిస్తారు, ఎన్ని రోజులకోసారి?
3. మెంటర్, నేను ఒకేసారి ఆన్‌లైన్‌లో ఉండే గంటలు రోజుకు ఎన్ని?
4. మధ్యంతర సమీక్ష ఏ వారంలో? పీపీఓ (చదువు పూర్తికాకముందే ఇచ్చే ఉద్యోగ ఆఫర్) ఇచ్చే పద్ధతి ఉంటే దేన్నిబట్టి ఇస్తారు?
5. మా టీమ్ బయటి సీనియర్లతో మాట్లాడే ఏర్పాటు ఉందా?

ఈ ప్రశ్నలు అడిగితే ఆఫర్ పోతుందేమోనని విద్యార్థులు జంకుతారు. మంచి మేనేజర్‌కు ఇవి బాధ్యత తెలిసిన మనిషి ప్రశ్నల్లా వినిపిస్తాయి. అయినా ఈ భారమంతా ఇరవై ఏళ్లవాళ్ల మీదే మోపడం న్యాయం కాదు. విశ్వవిద్యాలయాలు ఇంటర్న్‌షిప్ నివేదికలో ఒక పట్టిక తప్పనిసరి చేయాలి: తేదీ, సమీక్షించినవారి పేరు, చెప్పిన సవరణ, విద్యార్థి చేసిన మార్పు. ఎనిమిది వారాలకు కనీసం 16 వరుసలు నిండని చోట క్రెడిట్లు ఇవ్వకూడదు. ఈ ఒక్క నియమం పెడితే నిజంగా నేర్పే కంపెనీలు ఏవో, కాగితం పంచేవి ఏవో మొదటి ఏడాదిలోనే విడివడిపోతాయి.