మధ్యశ్రేణి జూమ్ లెన్స్: కుదుపు నియంత్రణ ఎవరికి అవసరం?

పెళ్లి, సభ, ప్రయాణం, వార్తాచిత్రం... పని ఏదైనా ఫొటోగ్రాఫర్ కెమెరాకు అత్యధిక కాలం అమరి ఉండేది మధ్యశ్రేణి జూమ్ లెన్సే. విశాల దృశ్యానికి 24 మి.మీ., ముఖచిత్రానికి 70 మి.మీ. నిత్యజీవితంలో తీసే చిత్రాల్లో అధిక భాగం ఈ రెండింటి మధ్యనే ఇమిడిపోతుంది. అందుకే కెమెరా కొన్న తర్వాత చేసే తొలి పెద్ద ఖర్చు తరచూ ఈ లెన్సుపైనే ఉంటుంది. ఫుల్‌ఫ్రేమ్ కెమెరాల కోసం ప్రముఖ కెమెరా సంస్థలు తయారు చేసే ఎఫ్/2.8 లెన్సు ధర లక్ష రూపాయలు దాటుతుంది. చిన్న పట్టణంలో స్టూడియో నడుపుకొనే వ్యక్తికి అది తేలికగా తీసుకునే నిర్ణయం కాదు. ఆ సందర్భంలో ప్రతిసారీ ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది: ఇమేజ్ స్టెబిలైజేషన్ ఉన్న లెన్సే కావాలా, లేనిదైనా సరిపోతుందా?

దుకాణంలో దీనికి సాధారణంగా లభించే జవాబు 'ఉంటే మంచిదే కదా' అన్నది. అది తప్పు కాదు. అయితే ఆ సదుపాయం ఏ లోపాన్ని సరిచేస్తుందో, దేనిని సరిచేయలేదో, అందుకు ప్రతిగా ఏం వదులుకోవలసి వస్తుందో ఆ జవాబు చెప్పదు.

చేతి వణుకు లెక్క

ఎంత నిబ్బరంగా పట్టుకున్నా చేతిలోని కెమెరా నిశ్చలంగా ఉండదు. షట్టర్ తెరిచి ఉన్న ఆ కొద్ది వ్యవధిలో కెమెరా కేవలం 0.1 డిగ్రీ పక్కకు ఒరిగిందనుకుందాం. 24 మి.మీ. వద్ద ప్రతిబింబం సెన్సార్‌పై సుమారు 0.04 మి.మీ. జరుగుతుంది. 70 మి.మీ. వద్ద ఆ జరుగుబాటు 0.12 మి.మీ.; 300 మి.మీ. వద్ద అరమిల్లీమీటరు దాటుతుంది. 24 మెగాపిక్సెళ్ల ఫుల్‌ఫ్రేమ్ సెన్సార్‌లో ఒక్కో పిక్సెల్ వెడల్పు సుమారు 6 మైక్రాన్లు. అంటే అదే వణుకు 24 మి.మీ. వద్ద 7 పిక్సెళ్లను, 70 మి.మీ. వద్ద 20 పిక్సెళ్లను, 300 మి.మీ. వద్ద 85కు పైగా పిక్సెళ్లను అలికివేస్తుంది. ఫొటోగ్రాఫర్ల మాటల్లో 'ఫొటో షేక్ అయింది' అంటే ఇదే.

పెద్ద టెలిఫొటో లెన్సులకు స్టెబిలైజేషన్ ముందుగా రావడానికి, మధ్యశ్రేణి లెన్సుల విషయంలో నేటికీ వాదన సాగడానికి మూలం ఈ లెక్కలోనే ఉంది. మార్చుకోగల ఎస్‌ఎల్‌ఆర్ లెన్సుల్లో ఈ సదుపాయంతో తొలిగా వచ్చినది కెనాన్ 75-300 మి.మీ. లెన్సు; అది 1995 నాటి మాట. కానీ అదే సంస్థ 2002లోను, తిరిగి 2012లోను విడుదల చేసిన 24-70 మి.మీ. ఎఫ్/2.8 లెన్సులు రెండింటిలోను అది లేదు. నైకాన్ 2007లో తెచ్చిన 24-70లోనూ లేదు.

పాత ఫిల్మ్ రోజుల నుంచి వాడుకలో ఉన్న సూత్రం ఒకటుంది. ఫోకల్ లెంగ్త్ ఎంతో, సెకనులో అన్నో వంతుకు తగ్గకుండా షట్టర్ వేగం ఉండాలి: 50 మి.మీ.కి 1/50, 70 మి.మీ.కి 1/70. ఏపీఎస్-సీ సెన్సార్ ఉన్న కెమెరాలో దానిని 1.5 లేదా 1.6తో హెచ్చించుకోవాలి. ఇది ఉజ్జాయింపు మాత్రమే. 45 మెగాపిక్సెళ్ల కెమెరాలో పిక్సెళ్లు మరింత చిన్నవి కనుక, చిత్రాన్ని పూర్తి పరిమాణంలో చూసేవారికి ఇంకొంత వేగం అవసరమవుతుంది.

పనిచేసే తీరు

లెన్సులో అమర్చిన సూక్ష్మ గైరో సెన్సార్లు కెమెరా ఎటు, ఎంత వేగంతో ఒరుగుతోందో క్షణక్షణం కొలుస్తాయి. ఆ సమాచారాన్ని బట్టి లోపలి కటకాల సమూహం ఒకటి వ్యతిరేక దిశలో జరిగి, ప్రతిబింబాన్ని సెన్సార్‌పై ఉన్న చోటే నిలుపుతుంది. కెనాన్ దీన్ని ఐఎస్ అని, నైకాన్ వీఆర్ అని, సోనీ ఓఎస్‌ఎస్ అని, టామ్రాన్ వీసీ అని, సిగ్మా ఓఎస్ అని పిలుస్తాయి. పేర్లు వేరైనా పని ఒకటే.

రెండో మార్గం సెన్సార్‌నే కదల్చడం. 2003 నాటి మినోల్టా డైమేజ్ ఏ1తో మొదలైన ఈ పద్ధతి, 2012లో ఒలింపస్ ఈ-ఎం5తో ఐదు అక్షాలకు విస్తరించింది. ఆ ఐదు అక్షాల రూపం 2014లో సోనీ ఏ7 మార్క్-2 ద్వారా ఫుల్‌ఫ్రేమ్ కెమెరాలకు చేరింది. లెన్సులోని వ్యవస్థ ప్రధానంగా పైకీ కిందికీ, పక్కకూ ఒరగడాన్ని సరిచేస్తుంది. లెన్సు అక్షం చుట్టూ కెమెరా తిరిగే వణుకును అది ఏమీ చేయలేదు. సెన్సార్ మాత్రం తానూ తిరిగి దాన్ని సరిదిద్దగలదు. అయితే సెన్సార్ జరగగల దూరానికి హద్దు ఉంది. 300 మి.మీ. వద్ద అరమిల్లీమీటరు జరగాల్సిన చోట, 50 మి.మీ. వద్ద దానిలో ఆరో వంతు చాలు. కాబట్టి సెన్సార్ పద్ధతి అత్యంత సుఖంగా పనిచేసేది మధ్యశ్రేణిలోనే. కొనుగోలుదారు గుర్తుంచుకోవలసిన కీలకాంశం ఇది.

వాణిజ్య ప్రకటనల్లో కనిపించే '5 స్టాప్‌లు', '8 స్టాప్‌లు' అన్న అంకెలకు అర్థం ఇది: ఒక్కో స్టాప్‌కు షట్టర్ వేగాన్ని సగానికి తగ్గించవచ్చు. 1/60 నుంచి నాలుగు స్టాప్‌లు దిగితే 1/4 సెకను. జపాన్ కెమెరా తయారీదారుల సంఘం సీపా నిర్దేశించిన ప్రమాణం ప్రకారం కంపన యంత్రంపై కెమెరాను ఉంచి ఈ అంకెను నిర్ధారిస్తారు. మూడంతస్తులు మెట్లెక్కి వచ్చిన మనిషి చేతిని ఏ యంత్రమూ అనుకరించదు. ప్రకటించిన దానిలో ఒకటి రెండు స్టాప్‌లు తగ్గించి లెక్కవేసుకోవడం విజ్ఞత.

ఆపలేనిది ఒకటుంది

స్టెబిలైజేషన్ కెమెరా కదలికను మాత్రమే అదుపు చేస్తుంది. ఎదుటి మనిషి కదలికతో దానికి సంబంధం లేదు. ఈ చిన్న వాస్తవాన్ని విస్మరించడం వల్లనే అధిక శాతం నిరాశలు కలుగుతాయి.

తెలుగువారి పెళ్లి ముహూర్తాలు ఎన్నో రాత్రివేళ, కొన్ని తెల్లవారుజామున పడతాయి. మండపంలో వెలుగు కంటికి పుష్కలంగా తోచినా కెమెరాకు చాలదు. వధూవరులు తలంబ్రాలు పోసుకునేటప్పుడు చేతులూ బియ్యపు గింజలూ స్ఫుటంగా రావాలంటే కనీసం 1/250 సెకను కావాలి. 1/30లో తీస్తే వెనుక ఉన్న మండప స్తంభాలు అద్దంలా స్పష్టంగా ఉంటాయి, దంపతుల చేతులు మాత్రం మసకబారి ఉంటాయి. ఆ ఘట్టం మళ్లీ రాదు, తిరిగి చేయించినా ముఖాల్లో ఆ నవ్వు రాదు. కూచిపూడి ప్రదర్శనైతే 1/500 అయినా ఒక్కోసారి తక్కువే. ఇటువంటి చోట ఆదుకునేది పెద్ద అపెర్చర్ ఒక్కటే. ఎఫ్/4తో పోలిస్తే ఎఫ్/2.8 రెట్టింపు కాంతిని లోనికి తెస్తుంది. ఒకే వెలుగులో ఎఫ్/2.8 వద్ద ఐఎస్ఓ 3200తో వచ్చే షట్టర్ వేగం, ఎఫ్/4 వద్ద కావాలంటే ఐఎస్ఓ 6400కు పోవాలి. కెమెరాతో పాటు వచ్చే 18-55 మి.మీ. లెన్సు జూమ్ చివర ఎఫ్/5.6 మాత్రమే ఇస్తుంది కనుక తేడా నాలుగు రెట్లు. ఆ చిన్న లెన్సులో స్టెబిలైజేషన్ ఉన్నప్పటికీ తలంబ్రాల వేళ అది అక్కరకు రాదు.

ఇందుకు పూర్తి విరుద్ధమైన ఉదాహరణ లేపాక్షి. వీరభద్రాలయ మండపం పైకప్పు మీది విజయనగర కాలపు వర్ణచిత్రాలు నీడలో ఉంటాయి, కానీ కదలవు. భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ పరిధిలోని కట్టడాల్లో ట్రైపాడ్ వాడాలంటే ముందస్తు అనుమతి అవసరం. అజంతా గుహల్లోనైతే వర్ణచిత్రాల రక్షణ కోసం ఫ్లాష్ కూడా నిషిద్ధం. చేత్తో పట్టుకునే తీయాలి. 1/60 సెకనుకు ఐఎస్ఓ 6400 కోరే వెలుగులో, స్టెబిలైజేషన్ సాయంతో 1/8 సెకనుకు దిగగలిగితే ఐఎస్ఓ 800తో పని జరుగుతుంది. రంగుల్లోని సున్నితమైన ఛాయలు నాయిస్‌లో కొట్టుకుపోవు. ఇక్కడ స్టెబిలైజేషన్ ఉన్న ఎఫ్/4 లెన్సు, అది లేని ఎఫ్/2.8 లెన్సు కంటే నిస్సందేహంగా మేలు.

ఈ రెండింటికీ నడుమ సమూహ చిత్రం ఉంది. రెండు మూడు వరుసల్లో నిలబడిన బంధువులందరూ ఫోకస్‌లో ఉండాలంటే ఎలాగూ ఎఫ్/5.6 వరకు మూయవలసిందే. లక్షలు పోసిన ఎఫ్/2.8 అక్కడ ఊరికే ఉంటుంది.

బరువు, ధర, బాడీ

లెన్సులో అదనంగా కదిలే కటకాలు, మోటార్లు చేరితే పరిమాణం పెరగక తప్పదు. నైకాన్ ఉదాహరణ స్పష్టమైనది. 2007 నాటి 24-70 లెన్సు బరువు 900 గ్రాములు, ఫిల్టర్ వ్యాసం 77 మి.మీ. 2015లో వీఆర్ జోడించి తెచ్చిన లెన్సు 1,070 గ్రాములకు, 82 మి.మీ.కు పెరిగింది. పెరుగుదలంతా వీఆర్ వల్లనే అనలేం కానీ, దాని వాటా ఉంది. మరోవైపు స్టెబిలైజేషన్ లేని సోనీ 24-70 జీఎం రెండో తరం లెన్సు (2022) 695 గ్రాములే. టామ్రాన్ 28-75 మి.మీ. ఎఫ్/2.8 అయితే 550 గ్రాములకు మించదు, 24 మి.మీ.ను వదులుకుని 28తో మొదలవడం దాని పొదుపు రహస్యాల్లో ఒకటి. పన్నెండు గంటలు సాగే పెళ్లిలో అర కిలో తేడా మణికట్టుకు తెలుస్తుంది. అలసిన చేయి మరింత వణుకుతుందన్నది ఇందులోని వైచిత్రి.

కాబట్టి లెన్సు కంటే ముందు చూడవలసింది చేతిలో ఉన్న కెమెరాను. కెనాన్, నైకాన్ డీఎస్‌ఎల్‌ఆర్‌లలో వేటిలోనూ సెన్సార్ స్టెబిలైజేషన్ లేదు. వాటిని వాడుతున్నవారికి కుదుపు నియంత్రణ లెన్సు ద్వారా మాత్రమే లభిస్తుంది. అటువంటివారికి 24-105 మి.మీ. ఎఫ్/4 ఐఎస్ వంటి లెన్సు, లేదా 2012లో వచ్చిన టామ్రాన్ 24-70 ఎఫ్/2.8 వీసీ వంటివి పరిశీలించదగినవి. ఏపీఎస్-సీ కెనాన్ వాడేవారికి 2006 నుంచి ఉన్న 17-55 ఎఫ్/2.8 ఐఎస్ నేటికీ పనికొచ్చే పాత నేస్తం.

మిర్రర్‌లెస్ కెమెరాల్లో పరిస్థితి మిశ్రమంగా ఉంది. నైకాన్ జడ్6, జడ్7, సోనీ ఏ7 మార్క్-2, ఆ తర్వాతి ఏ7లు, కెనాన్ ఆర్5, ఆర్6లలో సెన్సార్ స్టెబిలైజేషన్ ఉంది. ఈ కెమెరాలు ఉన్నవారు మధ్యశ్రేణి లెన్సులో అది లేదని బెంగపడనవసరం లేదు. నైకాన్ 2019 నాటి జడ్ 24-70 ఎఫ్/2.8లో దానిని చేర్చకపోవడం ఈ ధీమాతోనే అనుకోవచ్చు. కెనాన్ మాత్రం అదే ఏడాది తన ఆర్ఎఫ్ 24-70 ఎఫ్/2.8లో ఐఎస్ చేర్చింది. అప్పటికి దాని మిర్రర్‌లెస్ బాడీల్లో సెన్సార్ స్టెబిలైజేషన్ లేదు. కెనాన్ ఆర్‌పీ, ఆర్8, ఆర్10, ఆర్50, నైకాన్ జడ్30, జడ్50, సోనీ ఏ6400, జడ్‌వీ-ఈ10 వంటి కెమెరాలు కొన్నవారు మాత్రం జాగ్రత్త పడాలి. వీటిలో సెన్సార్ కదలదు. వీటికి స్టెబిలైజేషన్ లేని లెన్సు తగిలిస్తే భారమంతా చేతిదే.

వీడియో తీసేవారికి ఈ చర్చలో సందేహానికి తావు తక్కువ. ఫొటోలో షట్టర్ వేగం పెంచి తప్పించుకోవచ్చు. వీడియోలో వణుకు ప్రతి ఫ్రేముకూ ఫ్రేముకూ మధ్య కనబడుతుంది, షట్టర్ వేగం దాన్ని దాచలేదు. కెమెరాలోని ఎలక్ట్రానిక్ స్టెబిలైజేషన్ సాయం చేసినా దృశ్యపు అంచులను కత్తిరిస్తుంది, 24 మి.మీ. లెన్సు 24 మి.మీ.గా మిగలదు. చేత్తో పట్టుకుని ఇంటర్వ్యూలు, ఊరేగింపులు చిత్రీకరించేవారికి లెన్సులోనో బాడీలోనో, ఏదో ఒకచోట అది ఉండి తీరాలి.

ట్రైపాడ్‌పై దీర్ఘ ఎక్స్‌పోజర్ తీసేటప్పుడు, ముఖ్యంగా పాత లెన్సుల్లో, స్టెబిలైజేషన్‌ను ఆపివేయడం మేలు. లేని వణుకును వెతుకుతూ అదే స్వయంగా చిత్రాన్ని కదిలించగలదు.

కొనేముందు పరీక్ష

వాడిన లెన్సు కొనేవారికి మరికొంత పరిశీలన అవసరం. ఆన్ చేసి షట్టర్ బటన్ సగం నొక్కినప్పుడు వ్యూఫైండర్‌లో దృశ్యం నెమ్మదించి నిలవాలి. ఎగిరిపడినా, గరగర శబ్దం గట్టిగా వచ్చినా ఆ యంత్రాంగంలో లోపం ఉన్నట్టే. విశాఖపట్నం, చెన్నై, కొచ్చి వంటి తేమ అధికంగా ఉండే తీరనగరాల్లో వాడిన లెన్సుల్లో బూజు సాలెగూడులా పట్టే అవకాశం ఎక్కువ. వెనుక నుంచి టార్చి వెలుగు ప్రసరింపజేసి చూస్తే అది బయటపడుతుంది. కొత్తదైతే బిల్లు, భారత్‌లో చెల్లే వారంటీ కార్డు రెండూ అడిగి తీసుకోవాలి. అనధికార దిగుమతి సరుకు కొంత చౌకగా దొరికినా, కదిలే భాగాలున్న లెన్సుకు మరమ్మతు వచ్చినప్పుడు ఆ పొదుపు నిలవదు.

అన్నిటికంటే నమ్మదగినది స్వీయపరీక్ష. సొంత కెమెరాను దుకాణానికి తీసుకెళ్లి, 70 మి.మీ. వద్ద 1/15 సెకను వేగంతో గోడమీది క్యాలెండర్‌ను స్టెబిలైజేషన్ ఆన్‌లో పది, ఆఫ్‌లో పది ఫొటోలు తీయాలి. కెమెరా తెరపై పూర్తిగా పెద్దవి చేసి, తేదీలు స్పష్టంగా చదవగలిగిన ఫొటోలు ఎన్నో లెక్కపెట్టాలి. ఆ తర్వాత అదే వేగంతో, నడిచి వెళుతున్న మనిషిని మరో పది తీసి చూడాలి.