సైకిలు ప్రయాణం – ఉపగ్రహాల కొలత

కరీంనగర్ నుండి ఎలగందుల కోటకు సైకిలు మీద వెళ్ళి రావడం మన పట్టణ విద్యార్థులకు కొత్త కాదు. దూరం సుమారు 10 కిలోమీటర్లు. ఒక ఆదివారం ఇద్దరు మిత్రులు పక్కపక్కనే తొక్కుకొంటూ వెళ్ళి వచ్చారు. ఒకే దారిన పోయారు, ఒకే హోటలు ముందు నిలిచి చాయ తాగారు. అయినను ఒకరి సెల్‌ఫోను 20 కిలోమీటర్లనీ, రెండవ వారిది 22 కిలోమీటర్లకు పైననీ చూపింది. ఎవరెంత దూరం తొక్కారన్నది ఫోను లెక్క ప్రకారమే నిర్ణయించే పోటీ అది. ఎక్కువ చూపిన విద్యార్థి మోసం చేశాడని కొందరు అనుమానించారు. అతడు ఏ మోసమూ చేయలేదు. తప్పు అతని సంచిలో ఉన్నది.

ఫోను దూరాన్ని కొలవదు, ఊహిస్తుంది. ఆ ఊహకు ఆధారం ఆకాశం. జి.పి.ఎస్. అనే అమెరికా వ్యవస్థలో మొదటి ఉపగ్రహం 1978లో ఎగిరింది; 1995 నాటికి వ్యవస్థ పూర్తి అయినది. భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఈ ఉపగ్రహాలలో అణు గడియారాలు ఉంటాయి. ప్రతి ఉపగ్రహమూ తన స్థానాన్నీ, తన గడియారంలోని సమయాన్నీ రేడియో తరంగాల ద్వారా ప్రకటిస్తూ ఉంటుంది. ఆ తరంగం చేరడానికి పట్టిన కాలాన్ని బట్టి ఫోను ఉపగ్రహం ఎంత దూరాన ఉన్నదో లెక్కకడుతుంది. స్థానం తెలియడానికి మూడు ఉపగ్రహాలు చాలును గదా అనిపించవచ్చు. కాని ఫోనులోని గడియారం చవకది. సెకనులో పది లక్షలవ వంతు తేడా వచ్చినా దూరంలో 300 మీటర్ల పొరపాటు వస్తుంది. అందుచేత ఆ గడియారాన్ని సరిదిద్దడానికి నాలుగవ ఉపగ్రహం కావలెను. 2000 సంవత్సరం మే నెల వరకు అమెరికా ప్రభుత్వం సామాన్యులకు అందే సంకేతాన్ని కావాలనే చెడగొట్టి ఇచ్చేది. అది మానుకొన్న తరువాతనే ఈ సాధనం మనబోటి వారికి నిజంగా పనికివచ్చింది. నేడు విశాలమైన ఆకాశం క్రింద మంచి ఫోను 5 మీటర్ల అటూ ఇటూగా స్థానాన్ని చెప్పగలదు.

అయితే అంత దూరం నుండి వచ్చే సంకేతం మిక్కిలి బలహీనమైనది. మనిషి దేహం దానిని పీల్చుకొంటుంది. ఇనుము, ఉక్కు అడ్డగిస్తాయి. మన మిత్రుని ఫోను వీపు సంచిలో, స్టీలు టిఫిను డబ్బా క్రింద ఉన్నది! ఇక బజారులో మరొక చిక్కు. కరీంనగర్‌లో గడియారం చుట్టుపట్ల ఇరుకు వీధులలో తరంగాలు మేడల గోడలకు తగిలి, తిరిగి ఫోనును చేరుతాయి. దారి పొడవైనందున ఉపగ్రహం మరింత దూరాన ఉన్నదని ఫోను భ్రమపడుతుంది. మనం రోడ్డు మీద తిన్నగా పోతున్నా, పటంలోని గీత ఇళ్ళ మీదుగా వంకరలు తిరుగుతుంది. ప్రతి వంకరా లెక్కలో దూరమే. చాయ తాగుతూ కదలక నిలిచినప్పుడు కూడా ఆ చుక్క అటూ ఇటూ సంచరిస్తూనే ఉంటుంది. మానేరు డ్యాము కట్ట మీద తొక్కి చూడండి. అక్కడ ఆకాశానికి అడ్డు లేదు, గీత చక్కగా వస్తుంది.

ఆదిలాబాదు వైపు పోతే తప్పు తలక్రిందులవుతుంది. నిర్మల్ దాటి మహబూబ్ ఘాటు ఎక్కేటప్పుడు గుట్టలు ఆకాశంలో ఒక భాగాన్ని కప్పివేస్తాయి. దట్టమైన టేకు ఆకులు, ముఖ్యంగా వానకు తడిసినప్పుడు, సంకేతాన్ని మరింత క్షీణింపజేస్తాయి. ఎండాకాలంలో టేకు ఆకు రాల్చిన తరువాత అదే దారిలో గీత మెరుగుపడుతుంది. పైగా బ్యాటరీ పొదుపు చేసే ఏర్పాటు నడుస్తుంటే ఫోను సెకనుకొకమారు కాక, చాలాసేపటికి ఒకమారు స్థానాన్ని నమోదు చేస్తుంది. అప్పుడు ఘాటు మలుపులన్నీ తెగిపోయి అడ్డగీతలవుతాయి. పాపం, చెమటోడ్చి ఎక్కినవానికి దూరం తక్కువ పడుతుంది.

కొలతకు ఓపిక కావాలన్నది పాత మాట. 1802లో కర్నల్ లాంబ్టన్ మద్రాసు వద్ద 100 అడుగుల ఉక్కు గొలుసుతో సుమారు ఏడున్నర మైళ్ళ ఆధారరేఖను కొలవడానికి 57 రోజులు పట్టింది. ఎండకు గొలుసు సాగుతుందని పక్కన ఉష్ణమాపకాలు కూడా పెట్టుకొన్నాడు. అక్కడి నుండి త్రిభుజాల మీద త్రిభుజాలు కట్టుకొంటూ దక్కను మీదుగా ఉత్తరానికి సాగి, 1823లో హింగన్‌ఘాట్‌లో కన్నుమూశాడు. మన ఆదిలాబాదు నుండి నాగపూరు పోయే రోడ్డు మీదనే ఆ ఊరున్నది. ఆయన ఓపికలో మనకు కావలసినది ఒక్క నిమిషం మాత్రమే. ఉపగ్రహం తన స్థాన వివరాలను పంపడానికి 30 సెకన్లు పడుతుంది. పట్టణంలో ఈ వివరాలు ఇంటర్నెట్టు ద్వారా క్షణంలో అందుతాయి. అడవిలో నెట్‌వర్కు లేనిచోట ఆకాశం నుండే రావలెను, చెట్ల క్రింద అవి మధ్యలో తెగిపోతాయి. కనుక ఘాటు మొదలు కాకముందే, నిర్మల్‌లోనే బయట నిలిచి, స్థానం కుదిరిన తరువాతనే నమోదు ప్రారంభించాలి.

ఫోనును హ్యాండిలు మీద బిగించడం అన్నిటికన్న మేలు. సరియైన స్థానం తెలుసుకొనే అనుమతిని యాప్‌కు ఇచ్చి, బ్యాటరీ పొదుపు నుండి దానిని మినహాయించాలి. నిలిచినప్పుడు నమోదు తనంతట ఆగే ఏర్పాటు పెట్టుకోవాలి. కొత్తగా కొనేవారు ఎల్-1, ఎల్-5 అనే రెండు పౌనఃపున్యాలను అందుకొనే ఫోను చూసుకొంటే, గోడలకు తగిలి వచ్చే తరంగాల బెడద తగ్గుతుంది. మన ఇస్రో వారి నావిక్ ఉపగ్రహాలు 2013 నుండి ఎల్-5లో ప్రసారం చేస్తున్నాయి. 2023 మే 29న ఎగిరిన ఎన్.వి.ఎస్.-01 ఎల్-1ను కూడా చేర్చింది. ఎత్తు విషయంలో మాత్రం ఏ ఫోనునూ అంతగా నమ్మరాదు.

దూరమే ముఖ్యమైతే చక్రాన్ని మించిన సాక్షి లేదు. టైరు మీద సుద్దముక్కతో గుర్తు పెట్టి, ఒక్క చుట్టు దొర్లించి ఆ పొడవు కొలవండి. చుట్లను లెక్కించే చిన్న పరికరం చక్రానికి తగిలిస్తే చెట్టూ గుట్టా దానికి లెక్క లేదు. పోటీ నడిపే పెద్దలు అంకెను మాత్రమే గాక పటం మీది గీతను కూడా పరిశీలించి ఉంటే, ఆ విద్యార్థికి నింద తప్పేది.

తరువాతి ఆదివారం ఆ ఇద్దరూ ఫోనులను హ్యాండిళ్ళకు బిగించుకొని మళ్ళీ కోటకు వెళ్ళారు. ఈమారు తేడా 200 మీటర్లకు మించలేదు. టిఫిను డబ్బా యథాప్రకారం సంచిలోనే ఉన్నది.