అరకు కొండల నీటి పంచాంగం

అరకు అనగానే చాలామందికి డిసెంబరే గుర్తొస్తుంది. పసుపు పూల పొలాలు, పొగమంచు, చలిమంట, బొంగులో చికెన్. ఆ నెలలో విశాఖపట్నం నుంచి కొండెక్కే కార్లకు లెక్కుండదు. కానీ ఆ పసుపూ ఆ మంచూ డిసెంబరులో పుట్టినవి కావు. వాటి పుట్టుక ఆషాఢంలో, తొలి వాన కొండను తాకిన రోజున ఉంది. తూర్పు కనుమల్లో, సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉన్న ఈ లోయకు ఏ నెలలో వచ్చినా మనం చూసేది నీటినే. ఒక నెల అది జలపాతం. ఒక నెల పూత. ఒక నెల మబ్బు. గుహలోకి దిగితే రాయి.

వానలో రైలు

ఈ కొండలకు వానాకాలంలో ఒక్కసారైనా రావాలి, అదీ రైల్లో రావాలి. బైలదిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ ఓడరేవుకు దించడానికి 1960లలో కట్టిన కొత్తవలస - కిరండూల్ మార్గం ఇది. పొద్దున్నే విశాఖలో బయల్దేరిన పాసింజరు శృంగవరపుకోట దాటి, బొడ్డవర దగ్గర మైదానాన్ని వదిలి కొండ పడుతుంది. శివలింగపురం, త్యాడ, చిమిడిపల్లి, బొర్రా గుహలు, శిమిలిగూడ... స్టేషను స్టేషనుకూ గాలి చల్లబడుతుంది. దాదాపు 996 మీటర్ల ఎత్తున ఉన్న శిమిలిగూడకు ఒకప్పుడు దేశంలోని బ్రాడ్‌గేజ్ స్టేషన్లన్నింటిలోకీ ఎత్తైనదన్న పేరుండేది.

సొరంగం చీకటి, వెంటనే పచ్చదనం, మళ్ళీ చీకటి. ఎండాకాలంలో నల్లగా ఎండిపోయి కనిపించిన రాతి చీలికలన్నీ శ్రావణానికి తెల్లటి ధారలవుతాయి. వాటిలో చాలావాటికి పేర్లు లేవు. ఏ పర్యాటక పటంలోనూ ఉండవు. కిటికీ పక్కన కూర్చున్నవాళ్ళకే దక్కే జలపాతాలవి. తేమ నిండిన గాలి కొండకు తగిలి పైకి లేస్తుంది. లేచినకొద్దీ చల్లారుతుంది. చల్లారిన గాలి అంత తేమను మోయలేక అక్కడికక్కడే వానగా దించేస్తుంది. అందుకే కింద మైదానంలో ఎండ కాస్తున్నా అనంతగిరి మీద జల్లు పడుతుంటుంది.

ఆ రోజుల్లో లోయ పనిలో మునిగి ఉంటుంది. వాగుల పక్కన మెట్లు మెట్లుగా దిగే మడుల్లో వరి నాట్లు పడతాయి. మెట్ట మీద చోళ్ళు, సామలు లేస్తాయి. బొర్రా దగ్గరి కటికి జలపాతం, డుంబ్రిగూడ వైపు చాపరాయి నిండుగా పారేది అప్పుడే. చాపరాయిలో వాగు నిలువునా దూకదు, వాలుగా పరుచుకున్న పెద్ద బండ మీద జారుతుంది. చూడ్డానికి పిల్లలాటలా ఉంటుంది కానీ ఆ బండ మీద పాచి పట్టు దొరకనివ్వదు. నీళ్ళు జోరుగా ఉన్నప్పుడు ఒడ్డునుంచే చూడాలి.

వాన దాచిన పసుపు

వానలు వెనకపట్టే వేళకు వలిసెలు చల్లుతారు. కొన్నిచోట్ల వెర్రినువ్వులనే ఈ నూనెగింజ పంట పొద్దుతిరుగుడు కుటుంబానికి చెందినది. సారం తక్కువైన వాలు నేలల్లోనూ బతుకుతుంది. వానాకాలం నేలలో దాచివెళ్ళిన తడే దీనికి ఆధారం. కార్తీకానికి పూత మొదలై, నవంబరులో లోయంతా పసుపుతో వెలిగిపోతుంది. మనం ఫొటోల్లో చూసే అరకు ఇదే.

ఆ పొలంలో కాసేపు మాట్లాడకుండా నిలబడితే తేనెటీగల రొద వినిపిస్తుంది. వలిసె పువ్వుకు తన పుప్పొడి తనకు పనికిరాదు. పక్క మొక్క నుంచి తేనెటీగ మోసుకొస్తేనే గింజ కడుతుంది. కంటికి అందం అనిపించేది రైతుకు వచ్చే నెల నూనె. అందుకే ఫొటో కోసం పొలం మధ్యకు నడవడం అన్యాయం. విరిగిన ప్రతి మొక్కా ఒక గిరిజన కుటుంబం వంటింట్లో తగ్గిన నూనె. గట్టు మీద నిలబడినా పసుపు అంతే పసుపుగా కనిపిస్తుంది. లోపలికి వెళ్ళాలంటే రైతునడిగి, ఆయన చూపిన దారినే వెళ్దాం.

కాళ్ళ కింద మబ్బులు

మార్గశిరం, పుష్యం వచ్చేసరికి నీరు మళ్ళీ గాలిలోకి లేస్తుంది. పాడేరు దగ్గర వంజంగి కొండకు చీకటితోనే నడక మొదలుపెట్టాలి. టార్చి వెలుగులో, రాళ్ళ దారిలో, మంచుకు తడిసిన గడ్డి మడమలకు తగులుతుంటే ఎక్కాలి. పైకి చేరి కూర్చున్నాక తూరుపు తెల్లబడుతుంది. కింద ఊళ్ళు లేవు, లోయ లేదు, అంతా తెల్లటి మబ్బు సముద్రం. కొండ శిఖరాలు అందులోంచి దీవుల్లా లేస్తాయి. సూర్యుడి మొదటి కిరణం తాకగానే ఆ తెలుపు గులాబీకి, గులాబీ నుంచి బంగారానికి మారుతుంది.

ఈ వింతకు కారణం రాత్రి చేసిన పని. ఆకాశం నిర్మలంగా ఉన్న రాత్రి నేల తన వేడిని పైకి వదిలేస్తుంది. నేలను ఆనుకున్న గాలి చల్లబడి బరువెక్కి, వాలు వెంట జారి, గిన్నెలో నీళ్ళు చేరినట్టు లోయ అడుగున చేరుతుంది. అందులోని తేమ సన్నని బిందువులుగా మారి పొగమంచవుతుంది. పైన మాత్రం గాలి కాస్త వెచ్చగా, తేటగా ఉంటుంది. అందుకే మంచు లోయ దాటి పైకి రాదు, మనం దానికి పైన కూర్చోగలుగుతాం. ఎండ ముదిరేకొద్దీ నేల వేడెక్కి ఆ సముద్రం కరిగిపోతుంది. ఆలస్యంగా లేచినవాళ్ళకు కొండ దొరుకుతుంది కానీ మబ్బులు దొరకవు. చింతపల్లి వైపు లంబసింగిలో చలి ఇంకా గట్టిది. పొద్దు బాగా ఎక్కేదాకా మంచు తెర లేవని రోజులుంటాయి.

ఒక్క వాన కోసం

చలికాలంలోనే కాఫీ తోటల్లో పళ్ళ కోత సాగుతుంది. సిల్వర్ ఓక్ చెట్ల నీడలో, వాటికి అల్లుకున్న మిరియపు తీగల కింద, ఎర్రగా పండిన పళ్ళను మాత్రమే ఏరి కోస్తారు. అరకు అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఆ గింజను అందరూ రుచి చూస్తారు. ఆ పువ్వును చూసినవాళ్ళు తక్కువ.

కోత అయ్యాక మొగ్గలు తొడిగిన కాఫీ కొమ్మ నిద్రపోతుంది. దానికి కొంతకాలం దాహం కావాలి, ఆ తర్వాత ఒక మంచి వాన కావాలి. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఆ వాన పడితే వారం పది రోజులకు తోటంతా ఒక్కసారిగా తెల్లగా పూస్తుంది. మల్లెకు దగ్గరి వాసన. రెండు మూడు రోజుల్లో పూలు వాడి రాలిపోతాయి. పర్యాటకుల రద్దీ లేని ఆ ఎండల్లో, తోటల మధ్య సాగే అనంతగిరి దారిలో ఆ వాసన ఎదురైతే అదృష్టమనే అనుకోవాలి.

చైత్రంలో గూడేల్లో ఇటుకల పండుగ జరుగుతుంది. విత్తనాలకు పూజ చేస్తారు. డప్పుల, తుడుముల మోతకు ఆడవాళ్ళు ఒకరి నడుమొకరు పట్టుకుని వరుసకట్టి థింసా ఆడతారు. రాబోయే వానకు ఊరంతా కలిసి పలికే ఆహ్వానం అది.

రాయిగా మారిన చుక్క

నిండు వేసవిలో కూడా నీరు మానని పని ఒకటుంది. అది చూడాలంటే బొర్రా గుహల్లోకి దిగాలి. పైన రైలు వెళ్తుంటుంది, కింద రాతి కప్పు నుంచి చుక్క రాలుతుంటుంది. వాన నీరు గాలిలోనూ మట్టిలోనూ కార్బన్ డయాక్సైడును కలుపుకుని కాస్త ఆమ్లగుణం తెచ్చుకుంటుంది. సున్నపురాతిలోంచి ఇంకుతూ దాన్ని కరిగిస్తుంది. గుహ కప్పుకు చేరి వేలాడినప్పుడు ఆ వాయువును వదిలేసి, మోసుకొచ్చిన సున్నంలో రవ్వంత అక్కడ అంటించి కింద పడుతుంది. పైనుంచి ఒక ఊడ దిగుతుంది, కిందనుంచి ఒక స్తంభం లేస్తుంది. ఏడాదికి మిల్లీమీటరైనా పెరగని ఆ రూపాలకు మనుషులు శివలింగమని, ఇంకా ఎన్నో పేర్లు పెట్టుకున్నారు. శివరాత్రికి భక్తులు బారులు తీరతారు.

ఈ గుహల్లోంచే గోస్తని నది సాగుతుంది. అనంతగిరి కొండల్లో పుట్టిన ఆ నీరు తాటిపూడి జలాశయంలో ఆగి, విశాఖపట్నం తాగునీటిలో ఒక పాలు అవుతుంది. మిగిలింది భీమునిపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. అంటే కొండ మీద మనం పారేసిన ప్లాస్టిక్ సీసా, వాగులో కడిగిన ఎంగిలి పళ్ళెం పరాయివాళ్ళ నీళ్ళలో పడటం లేదు. కొండను చూడ్డానికి వెళ్ళిన నగరమే ఆ నీళ్ళు తాగుతోంది. కాబట్టి అరకుకు డిసెంబరులోనే కాదు, శ్రావణంలో వెళ్దాం, చైత్రంలో వెళ్దాం. తీసుకెళ్ళిన చెత్తను తిరిగి మన సంచిలోనే దించుకుని వద్దాం. ఈ కొండల అందాలన్నింటికీ మూలమైన నీటికి మనం చేయగలిగిన మర్యాద అది.