తప్పులు వెదకు విద్య

మన యిండ్లలో నొక సంభాషణ తరచు వినబడుచుండును. "మీ పిల్ల యేమి చేయుచున్నది?" అని యడిగినచో "సాఫ్టువేరు" అని తల్లి సంతోషముతో చెప్పును. "అందులో నేమి పని?" అని మరల నడిగినచో "టెస్టింగు" అను మాట సగము గొంతులోనే యణగిపోవును. ప్రోగ్రాము వ్రాయుట ఘనకార్యమనియు, ఒకరు వ్రాసినదానిని పరీక్షించుట దిగువ పనియనియు మనవారి తలంపు. ఆ తలంపు తప్పని చెప్పుటకే యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను. మా యక్క కుమార్తె కన్నీరు చూచిన తరువాత వ్రాయకుండ నుండలేకపోతిని.

మేము కాపురముండునది శ్రీకాకుళమునకు సమీపముననున్న ఎచ్చెర్ల. మా వారు బడిపంతులు. 2008లో మా యూర డాక్టరు బి.ఆర్. అంబేద్కర్ విశ్వవిద్యాలయము స్థాపితమైనది. 2016లో మా మండలమందలి ఎస్.ఎం. పురమున, జనులు ట్రిపుల్ ఐటీ యని పిలుచు విద్యాలయము వెలసినది. పదవ తరగతి ముగిసిన పల్లెపిల్లలు అందు చేరి, ఆరేండ్లు చదివి, ఇంజనీర్లై వెలువడుచున్నారు. కనుక ఈ సాఫ్టువేరు సంగతి మాకు దూరపు కథ కాదు. మా వీధి పిల్లల జీవనమే.

సాఫ్టువేరనగా కంప్యూటరునకును సెల్ ఫోనునకును మనుష్యుడిచ్చు ఆజ్ఞల పరంపర. యంత్రమునకు వివేకము లేదు గనుక తప్పుటాజ్ఞ నిచ్చినను తు.చ. తప్పక చేయును. 1996 జూన్ 4వ తేదీన ఐరోపావారి ఏరియన్ 5 అను రాకెట్టు తొలిసారి యెగిరి, నిమిషమైనను గడవక మునుపే ఆకాశమున తునాతునుకలయ్యెను. పూర్వపు రాకెట్టునకు సరిపోయిన ప్రోగ్రాము భాగమును, క్రొత్తదాని గమనమునకు తగునో లేదో చక్కగా పరీక్షింపక, అట్లే వాడుట దానికి కారణము. 1985 మొదలు 1987 వరకు అమెరికా, కెనడా దేశములందు థెరాక్ 25 అను వైద్యయంత్రము ప్రోగ్రాములోని లోపమువలన ఆరు పర్యాయములు రోగులపై మితిమీరిన కిరణములను ప్రసరింపజేసెను. వారిలో కొందరు ప్రాణములు కోల్పోయిరి. ఇట్టి లోపములకు ఆ వృత్తివారు పెట్టిన పేరు "బగ్గు", అనగా పురుగు. పేరు చిన్నదే గాని కాటు చిన్నది కాదు.

పూర్వము ఈ లోపములను వెదకు పద్ధతి మన బడులలోని సాంవత్సరిక పరీక్షవలె నుండెడిది. మొదట కావలసినవన్నియు వ్రాసికొనుట, పిమ్మట నమూనా గీయుట, పిమ్మట నెలల తరబడి ప్రోగ్రాము వ్రాయుట, అంతయు ముగిసిన తరువాత పరీక్షించుట. అప్పుడు తప్పు బయటపడినచో పునాదివరకు త్రవ్వవలసి వచ్చెడిది. 2001 ఫిబ్రవరిలో అమెరికాలోని యూటా రాష్ట్రమున స్నోబర్డు అను కొండతావున పదునేడుగురు నిపుణులు కూడి, వేరొక మార్గమును ప్రకటించిరి. దానికి "ఎజైల్" అని పేరు, చురుకైనదని యర్థము. పనిని చిన్న చిన్న పాళ్లుగా పంచుకొని, ఒక్కొక పాలు ముగియగానే వాడువారికి చూపి, వారు కోరిన మార్పులను స్వీకరించుచు సాగవలెనని వారి మతము.

ఈ పద్ధతిలో నడచు బృందములు సాధారణముగా రెండు వారముల గడువు పెట్టుకొందురు. దానిని "స్ప్రింటు" అందురు. ప్రతిదినము అందరును పదిహేను నిమిషములు కూడి, నిన్న చేసినదేమి, నేడు చేయవలసినదేమి, అడ్డమేమి యని చెప్పుకొందురు. గడువు ముగిసినపుడు తమ నడకను తామే సింహావలోకనము చేసికొందురు. ఇందు పరీక్ష చివరకు మిగులు పని కాదు. మొదటి దినమునుండియు తోడుగా నడచును. మా వారు పాఠము ముగియగానే నాలుగు ప్రశ్నలడుగుదురు. పిల్లవాని కేది పట్టుబడలేదో ఆనాడే తెలియును. మాకు దాపుననున్న పొందూరులో ఖద్దరునకై పత్తిని వాలుగ చేప దవడ యెముకతో దువ్వి, నలుసు తీసిన పిమ్మటనే వడుకుదురు. నలుసును బట్ట నేసిన తరువాత వెదకువారుందురా?

ఇక మా యమ్మాయి సంగతి. ఆమె హైదరాబాదులో నొక కంపెనీయందు టెస్టింగు ఉద్యోగమున నున్నది. ఫోను ద్వారా రుసుములు చెల్లించు నొక ప్రోగ్రామును వారి బృందము తయారుచేయుచుండెను. చెల్లింపు మీట నొక్కిన క్షణమున సిగ్నలు తెగి, మనిషి మరల నొక్కినచో, సొమ్ము రెండు పర్యాయములు పోవుచున్నదని మా పిల్ల కనిపెట్టినది. అప్పటికి గడువు ఒక్క దినమే మిగిలియున్నది. చెప్పినది. "అట్లు రెండుమారులు నొక్కువారెందరుందురు? వచ్చు స్ప్రింటులో చూతము" అని పెద్దలనిరి. ఈమె మరల మాటాడలేదు. ఆ లోపమును వ్రాసియైనను పెట్టలేదు.

ప్రోగ్రాము జనులచేతికి వెళ్లినది. నెల మొదటివారమున అనేకుల సొమ్ము రెండింతలు పోయినది. ఒక తల్లి కుమారుని హాస్టలు రుసుము కట్టి, మందులకు దాచిన డబ్బుకూడ పోయినదని ఫోనులో విలపించెనట. కొలది దినములలో కంపెనీవారు ఎవరి సొమ్ము వారికి మరలించిరి. కాని సమావేశమున అందరి చూపులును ఈ పిల్లపైననే. "టెస్టింగువారు చూడలేదా?" అని ప్రశ్న.

సంక్రాంతికి వచ్చినపుడు పెరటిలో కూర్చుండి నాతో చెప్పి యేడ్చినది. "పిన్నీ, ఈ యుద్యోగము మానివేసెదను. చెప్పినచో అడ్డుపుల్ల యందురు. ఊరకున్నచో నిద్రపోవుచుంటివా యందురు." మా యక్క లోపలినుండి, "ప్రోగ్రాము వ్రాయు పని యిమ్మని యడుగరాదటే? పెండ్లిచూపులకు వచ్చినవారితో నేనేమని చెప్పుదును?" అన్నది. ఆ మాట పిల్లకు కంపెనీవారి మాటకంటె నెక్కువగా తగిలినట్లు నాకు తోచినది.

నాకు కంప్యూటరు రాదు. చిన్ననాడు మా తండ్రిగారు చదివించిన పుస్తకములే నా చదువు. వానిలో నుండియే యామెకు చెప్పితిని. "తర్కశాస్త్రమున సిద్ధాంతము స్థాపింపవలెనన్న మొదట పూర్వపక్షము చేయువాడు కావలెను. వాడు సిద్ధాంతమునకు శత్రువు కాడు. వాని ప్రశ్నలకు నిలిచినదే సిద్ధాంతము. నీ పని యదియే. భారతమున విదురుడు ధృతరాష్ట్రునకు నచ్చని మాట ఒకమారు చెప్పి యూరకుండెనా? నీవు చెప్పితివి గాని నిలిచి చెప్పలేదు. ఆ తప్పు నీది. తక్కినది బృందమందరిది."

ఇంకొక మాటయు నంటిని. "రెండుమారులు నొక్కువారెందరని వారడిగిరి గదా! మన పల్లెలలో సిగ్నలు వచ్చుచు పోవుచుండునని నీకు తెలిసినట్లు వారికి తెలియునా? మా యత్తగారు ఫోనుమీట నొక్కి, ఏమియు కదలకున్నచో మరల నొక్కదా? ఆమె తరఫున ఆ గదిలో కూర్చున్నది నీ వొక్కతెవే. మన యూరి యనుభవమే నీ చేతి పనిముట్టు." పిల్ల కన్నులు తుడుచుకొని నవ్వినది.

తిరిగి వెళ్లి తరువాతి సింహావలోకనమున నెవరిని నిందింపక జరిగినది జరిగినట్లు చెప్పినదట. తన మౌనమునుకూడ దాచలేదట. బృందమువారు మంచివారే, గడువు తొందర వారి కన్నులు కప్పినది. నాటినుండి మూడు కట్టుబాట్లు చేసికొనిరి. సొమ్మునకు సంబంధించిన లోపముండగా గడువు ముగిసినను ప్రోగ్రామును విడుదల చేయరాదు. స్ప్రింటు మొదటి దినముననే టెస్టింగువారును ప్రోగ్రాము వ్రాయువారును కలిసి కూర్చుండి, "సిగ్నలు తెగినచో? ముసలివారు వాడినచో? తప్పంకె నొక్కినచో?" అని ప్రశ్నలు వేసికొని, ఏయే పరీక్షలకు నిలిచినచో పని ముగిసినట్లో ముందుగనే వ్రాసికొనవలెను. కనుగొన్న ప్రతి లోపమును అందరికిని కనబడునట్లు నమోదు చేయవలెను.

ఒకచోట సరిదిద్దినచో వేరొకచోట చెడుట ఈ విద్యలో మామూలట. అందుచే పాత పరీక్షలన్నిటిని యంత్రముచేతనే మరల మరల చేయింతురు. మరి యంత్రమే పరీక్షించునపుడు మనిషి యేల యని నేనడిగితిని. "యంత్రము మేము నేర్పిన ప్రశ్నలనే యడుగును పిన్నీ. క్రొత్త ప్రశ్న తోచుటకు మనిషి కావలెను" అన్నది. పరీక్ష లోపమున్నదని చూపగలదే గాని లోపమే లేదని యెన్నడును నిరూపింపజాలదని డైక్స్‌ట్రా యను డచ్చి శాస్త్రజ్ఞుడు ఏబది యేండ్లకు పూర్వమే హెచ్చరించెను. కావున ఈ పనిలోనివారికి గర్వము పనికిరాదు, ఓపిక కావలెను.

ఇది మన తెలుగువారికి పరాయి విద్యయు కాదు. 2000 సంవత్సరము సమీపించినపుడు, ఏండ్లను రెండంకెలతోనే గుర్తించిన ప్రోగ్రాములు లెక్క తప్పునను భయము లోకమంతట వ్యాపింపగా, వానిని సరిచూచుటకై తెలుగు యువకులెందరో అమెరికాకు వెళ్లిరి. హైదరాబాదున సైబర్ టవర్సు 1998లో తెరువబడినది. 2001లో శశి రెడ్డిగారు స్థాపించిన యాప్‌ల్యాబ్స్ టెస్టింగునే ప్రధానవృత్తిగా జేసికొని హైదరాబాదున పెరిగినది. 2011లో అమెరికా కంపెనీయైన సి.ఎస్.సి. దానిని కొనెను. సిగ్నిటి యను కంపెనీయు అచ్చటనే ఈ పనితోనే పేరు పొందినది. దిగువ పనియైనచో దానికై కంపెనీలు వెలయునా?

సోదరీమణులారా! ఆడుపిల్ల తప్పు చూపినచో గయ్యాళి యనుటయు, ఊరకున్నచో అణకువగలదనుటయు మన కలవాటు. ఇంట ఆ పాఠము నేర్చిన పిల్ల కచేరిలో గట్టిగా నెట్లు చెప్పగలదు? అన్నములో రాయి యున్నదని బిడ్డ చెప్పినపుడు, "తినుము, మాటాడకుము" అనక, "ఏదీ, చూపుము" అని యడుగుడు. ఆ యభ్యాసము అక్కడనే మొదలు కావలెను.

మొన్న మా పిల్లను చూచుటకు విజయనగరమునుండి పెద్దలు వచ్చిరి. అమ్మాయి పని యేమని యడిగిరి. "టెస్టింగు. మీ ఫోనులో సొమ్ము రెండుమారులు పోకుండ చూచు పని" అని మా యక్క గొంతెత్తి చెప్పినది. వారింకను కబురు పంపలేదు. మా యక్క మాత్రము దానికి దిగులుపడుటలేదు.