డబ్ల్యూపీఎఫ్‌లో బైండింగ్ పనిచేయట్లేదా? ఈ వరసలో చెక్ చేయండి

విండోస్‌కి డెస్క్‌టాప్ యాప్స్ రాసేవాళ్ళకి డబ్ల్యూపీఎఫ్ కొత్తేం కాదు. 2006లో డాట్‌నెట్ ఫ్రేమ్‌వర్క్ 3.0తో వచ్చింది, ఇప్పటికీ వాడుతున్నారు. స్క్రీన్ ఎలా ఉండాలో జామెల్‌లో రాస్తాం, దానికి డేటాని బైండింగ్‌తో కలుపుతాం. చిక్కంతా ఇక్కడే. బైండింగ్ కుదరకపోతే సాధారణంగా యాప్ క్రాష్ అవ్వదు. ఆ చోటు ఖాళీగా ఉంటుంది, లేదంటే పాత విలువే కనిపిస్తుంది.

ఇది చిన్న విషయం అనుకోకండి. ఈమధ్య ఓ ఫ్రెండ్ రాస్తున్న షాపు బిల్లింగ్ యాప్ చూశాను. డిస్కౌంట్ మార్చినా స్క్రీన్ మీద టోటల్ మారట్లేదు. యాప్ క్రాష్ అయితే షాపాయన ఆగిపోయి ఫోన్ చేస్తాడు. ఇలా అయితే కస్టమర్ దగ్గర ఎక్కువ డబ్బులు తీసేసుకుంటాడు! అందుకే బైండింగ్ సమస్య ఏదైనా నేను ఈ వరసలోనే వెతుకుతాను.

1. అవుట్‌పుట్ విండో: విజువల్ స్టూడియోలో డీబగ్ చేస్తూ ముందు ఇది చూడండి. ‘ఎర్రర్ 40’ ఉంటే, మీరు రాసిన పేరుతో ఆ ఆబ్జెక్ట్‌లో ప్రాపర్టీ దొరకలేదని అర్థం. స్పెల్లింగ్, పెద్ద అక్షరం-చిన్న అక్షరం తేడా చూస్కోండి. అది పబ్లిక్ ప్రాపర్టీయే అయ్యుండాలి, ఫీల్డ్ అయితే పనిచేయదు. కొత్త వెర్షన్లలో వీటి కోసం ‘జామెల్ బైండింగ్ ఫెయిల్యూర్స్’ అని వేరే విండోనే ఉంది.

2. డేటాకాంటెక్స్ట్: ఏ క్లాస్‌లో వెతికిందో కూడా ఆ ఎర్రర్‌లోనే ఉంటుంది. మీరు అనుకున్న క్లాస్ కాకపోతే తప్పు పేరులో లేదు, డేటాకాంటెక్స్ట్‌లో ఉంది. డేటాగ్రిడ్ కాలమ్స్‌తో జాగ్రత్త. అవి విజువల్ ట్రీలో ఉండవు కాబట్టి పైనున్న డేటాకాంటెక్స్ట్ వాటికి అందదు.

3. నోటిఫికేషన్: మొదట సరిగ్గా కనిపించి తర్వాత మారకపోతే, మీ క్లాస్‌లో ‘ఐనోటిఫైప్రాపర్టీఛేంజ్డ్’ ఉందో లేదో చూడండి. లిస్ట్‌కి కలిపిన ఐటమ్స్ కనిపించకపోతే మామూలు లిస్ట్ బదులు ‘అబ్జర్వబుల్ కలెక్షన్’ వాడండి.

4. టెక్స్ట్‌బాక్స్: టైప్ చేసింది వెంటనే డేటాలోకి వెళ్ళదు, ఆ బాక్స్ నుంచి ఫోకస్ బయటికి పోయాకే వెళ్తుంది. డిఫాల్ట్‌గా అంతే. వెంటనే కావాలంటే ‘అప్‌డేట్ సోర్స్ ట్రిగ్గర్’ని ‘ప్రాపర్టీ ఛేంజ్డ్’కి మార్చండి.

5. ట్రేస్: ఇంకా దొరకలేదా? ఆ ఒక్క బైండింగ్‌కి ‘ట్రేస్ లెవెల్ హై’ పెట్టండి. విలువ ఎక్కడిదాకా వచ్చి ఆగిందో అవుట్‌పుట్‌లో ఒక్కో అడుగూ కనిపిస్తుంది.

మరి ఆ బిల్లింగ్ యాప్ సంగతి? డిస్కౌంట్ మారినప్పుడు ‘డిస్కౌంట్ మారింది’ అన్న కబురు మాత్రమే వెళ్తోంది. దాని మీద ఆధారపడిన టోటల్ కూడా మారిందని ఎవరూ చెప్పట్లేదు. ఒక్క లైన్ కలిపితే సరిపోయింది. కానీ గమనించండి, అవుట్‌పుట్ విండోలో దీనికి ఒక్క ఎర్రర్ కూడా రాలేదు. పేరు తప్పితే డబ్ల్యూపీఎఫ్ చెప్తుంది, కబురు పంపడం మర్చిపోతే చెప్పదు. కాబట్టి డబ్బుల లెక్కలుండే స్క్రీన్ అయితే, ఎర్రర్లు లేవని వదిలేయకుండా ఒక్కో విలువనీ మార్చి, దానితోపాటు మారాల్సినవన్నీ మారాయో లేదో కళ్ళతో చూడండి.